బ్రిడ్జి కింద మొండోళ్లు

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఉన్నన్నాళ్లూ పిల్లలు నన్ను వెనకాల గీత మేడం అనేవాళ్లు. అది నా పేరు కాదు. రోడ్డు మీద తెల్లగీత కనిపిస్తే చాలు, ఎదురుగా మనిషి లేకపోయినా, పోలీసు లేకపోయినా నా స్కూటీ దాని వెనక ఆగిపోతుంది. వెనక నుంచి ఆటోవాళ్లు "ఏమమ్మా, నిద్ర పోతాండావా?" అని హారన్లు కొట్టేవాళ్లు. నేను కదిలేదాన్ని కాదు. అనంతపురం మొత్తంలో రూలు పాటించే మనిషిని నేనొక్కదాన్నే అని నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరి, కంప్యూటర్లో రోడ్లు కట్టి, బండ్లు నడిపి, "ఇదీ పరిష్కారం" అని రిపోర్టులు రాస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఒక రిపోర్టు రాశాను. అందులో అబద్ధం ఒక్క వాక్యం కూడా లేదు. అయినా దాన్ని తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా ఇల్లు రాప్తాడు వైపు. అక్కణ్నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో హైవే కింద ఒక అండర్‌పాస్ ఉంది. జనం దాన్ని బ్రిడ్జి కింద అంటారు. పోయేది ఒక వరస, వచ్చేది ఒక వరస, అంతే వెడల్పు. పొద్దున్నే టమోటా మండీకి పోయే టెంపోలు, కాలేజీ బస్సులు, శెనక్కట్టె మేత వేసుకున్న ట్రాక్టర్లు, కూలి పనులకు పోయే ఆడవాళ్లను కుక్కిన ఆటోలు, అన్నీ దాంట్లోకే దూరాలి.

అక్కడ ఒక హోంగార్డు ఉండేవాడు. యాభై దాటిన మనిషి. టోపీ కింద తడి తువ్వాలు, నోట్లో విజిల్. లోపల ఏదన్నా బండి ఆగిపోతే ఈయన పరుగున అవతలి కొసకు పోయి, ఎదురు వచ్చేవాళ్లను చెయ్యెత్తి ఆపి, ఇవతలి వాళ్లను పది పన్నెండు బండ్లు కుడిపక్క వరసలో వదిలేవాడు. అంటే రాంగ్ రూటులో. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

"ఏమప్పా, నువ్వే ఇట్ల రాంగ్ రూటులో పంపిస్తే ఎట్ల?" అని ఒకరోజు స్కూటీ ఆపి మరీ అడిగాను.

"గొంతులో ముద్ద అడ్డం పడిండాది మేడం. వీపు మీద ఒకటి చరిస్తాండా, అంతే," అన్నాడు నవ్వుతూ. విజిల్ ఊది నన్ను కూడా కుడిపక్కకు పొమ్మని చెయ్యి చూపించాడు. నేను పోలేదు. ముందున్న ట్రాక్టరు కదిలేదాకా ఎడమవైపే నిలబడ్డాను. కాలేజీకి ఆలస్యమైంది కూడా.

అలాంటి రోజుల్లో ట్రాఫిక్ ఎస్సై మా కాలేజీకి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. స్టాఫ్ రూములో కూర్చుని సంగతి చెప్పాడు.

"మేడం, బ్రిడ్జి కింద ట్రాఫిక్కును కంప్యూటర్లో పెట్టి చూడాల. నాకు మనుషులు తక్కువుండారు. ఆడ ఎవరూ నిలబడకున్నా జరుగుతాదని మీ రిపోర్టు చెప్తే, ఆ హోంగార్డును కణేకల్ దిక్కు చెక్‌పోస్టుకు పంపిస్తా."

ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో దాచను. కొండంత తప్పును సరిదిద్దే పని వెతుక్కుంటూ నా బల్ల దగ్గరికే వచ్చిందనుకున్నాను.

పనిలో నాకు తోడు కంప్యూటర్ సెక్షన్‌లో కొత్తగా చేరిన లెక్చరరు. నా దగ్గరే చదువుకున్న అమ్మాయి. మోడల్ తేలికైనదే. అండర్‌పాస్‌ను చదరంగం బల్లలాగా గళ్లు చేశాం. గడికొక బండి. ముందు గడి ఖాళీ ఉంటే కదలాలి, లేకపోతే ఆగాలి. బండ్లు రెండు రకాలు. ఏం జరిగినా ఎడమవైపే ఉండి, ముందున్నది కదిలేదాకా ఆగేవి ఒక రకం. ఆగలేక పక్క వరసలోకి దూరేవి ఇంకో రకం. మొదటివాటికి పచ్చరంగు వేసి బుద్ధిమంతులు అని పేరు పెట్టాను. రెండోవాటికి ఎర్రరంగు, పేరు మొండోళ్లు. ఈ పేర్లు పెట్టింది నేనే. ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది.

నిజంగా అక్కడ ఎంతమంది బుద్ధిమంతులో, ఎంతమంది మొండోళ్లో తెలియాలి కదా. ఆఖరి సంవత్సరం ఆడపిల్లల్ని నలుగురిని వారంపాటు పొద్దున పూట బ్రిడ్జి పక్కన కూర్చోబెట్టాం. చేతికి కాగితాలు ఇచ్చాను. రెండే గడులు: రూలు పాటించినవారు, పాటించనివారు. ఎడమవైపు పోతే మొదటి గడిలో గీత, కుడివైపు పోతే రెండో గడిలో గీత. ఇంతకంటే సులువైన పని లేదని పిల్లలకు చెప్పి పంపించాను.

ఆ లెక్కలన్నీ ఎక్కించాక ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"మేడం, అందరినీ బుద్ధిమంతుల్ని చేసి చూసినా. ఆగిపోతాండాది."

"ఏది ఆగిపోతాండాది? కంప్యూటరా?"

"కాదు మేడం. ట్రాఫిక్కు."

పోయి చూశాను. బండ్లు పలచగా ఉన్నప్పుడు అందరూ ఎడమవైపు ఉంటేనే హాయిగా సాగుతోంది. అంతవరకు బాగానే ఉంది. బండ్లను ఒత్తుగా చేస్తే మాత్రం కథ తిరగబడుతోంది. ఎక్కడో ఒక ఆటో మనిషిని ఎక్కించుకోవడానికి ఆగితే చాలు, దాని వెనక బుద్ధిమంతులు బుద్ధిగా నిలబడిపోతున్నారు. పచ్చటి తోక పెరిగి పెరిగి తెర చివరిదాకా వచ్చేస్తోంది. పదిమందిలో ఇద్దరు ముగ్గురు మొండోళ్లను కలిపితే, వాళ్లు పక్క వరసలో ఖాళీ చూసుకుని దూరుకుని ముడి విప్పుతున్నారు. అందరూ మొండోళ్లయితే ఎదురెదురుగా కొమ్ములు పెట్టుకుని మళ్లీ ఆగిపోతున్నారు. మొత్తానికి ఒత్తు ట్రాఫిక్కులో అందరూ రూలు పాటించడం కంటే కొందరు తప్పడమే నయమని తేలింది.

గుళ్లో దేవుడు లేడని పూజారికి చెప్పినట్టయింది. ప్రోగ్రాములో తప్పుందన్నాను. రెండు వారాలు ఇద్దరం కూర్చుని వరసవరసగా వెతికాం. నేను ఇంట్లో చేత్తో లెక్క కట్టి చూశాను. ఎన్నిసార్లు చేసినా అదే జవాబు. ఆఖరికి ఆ అమ్మాయి విసిగిపోయి, "తప్పు లేదు మేడం. ఇది ఇట్లనే ఉండాది," అంది.

ఇక్కడ నేను చేసిన పని చెబుతున్నాను, జాగ్రత్తగా చదవండి. రిపోర్టులో రెండు బొమ్మలు ఉండాలి. పలచటి ట్రాఫిక్కుది ఒకటి, ఒత్తుదానిది ఇంకొకటి. నేను మొదటిదే పెట్టాను. రూలు తప్పితేనే మేలని గీత మేడం సంతకం పెట్టి ఇస్తే రేపు కాలేజీలో తలెత్తుకుని ఎట్లా తిరగాలి? నా బాధ అదొక్కటే.

"అది తీసేస్తే సగమే చెప్పినట్టు కదా మేడం?" అంది ఆ అమ్మాయి.

"సగం చెప్పడం అబద్ధం కాదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి పెద్దల మాట కాదనలేని మనిషి. మొదటి బొమ్మ ఒక్కటే ప్రింటు తీసి ఇచ్చింది.

రిపోర్టు ఇవ్వడానికి రెండు రోజుల ముందు ఆ హోంగార్డు మా ల్యాబుకు వచ్చాడు. యూనిఫాంలోనే ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. తెర మీద పచ్చ చుక్కలు, ఎర్ర చుక్కలు పరుగులు పెడుతుంటే చిన్నపిల్లవాడిలా వంగి చూశాడు.

"ఇదేనా మేడం మా బ్రిడ్జి?"

"ఇదే."

"ఈ ఎర్రగా ఉండేటివి?"

"రూలు పాటించనివాళ్లు. మొండోళ్లు."

కాసేపు చూసి, వేలితో తెరకు ఆ కొస, ఈ కొస తాకి, "మళ్ల దీంట్లో నేను యాడ ఉండా మేడం?" అన్నాడు.

ల్యాబులో ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "నువ్వు దీంట్లో ఉండవప్పా. దీంట్లో బండ్లే ఉంటాయి," అన్నాను.

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి వచ్చిన పని చెప్పాడు. భార్యకు పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలో ఉంది. ఇల్లు బ్రిడ్జి పక్క సందులోనే. మధ్యాహ్నం పోయి ఆమెకు అన్నం తినిపించి, పక్క మార్చి, మళ్లీ డ్యూటీకి వస్తాడు. కణేకల్‌కు అంత దూరం మారిస్తే ఆమెను చూసుకునే దిక్కు లేదు.

"నన్ను గురించి మంచిగా రాయమని అడగను మేడం. చెడ్డగా మాత్రం రాయొద్దు," అన్నాడు.

"నీ మాటే రిపోర్టులో యాడా లేదప్పా, పో," అన్నాను.

నిజమే చెప్పాను. ఆయన లేకుండానే రాశాను, అందుకే ఆయన అక్కర్లేదని తేలింది. దండం పెట్టి వెళ్లిపోయాడు.

అందరూ ఎడమవైపే పోవాలన్న నా రిపోర్టు చూసి, నెల తిరక్కుండానే అండర్‌పాస్ మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు సిమెంటు దిమ్మెలు వరసగా పెట్టారు. ఇక కుడివైపు దూరడం ఎవరి తరమూ కాదు. హోంగార్డుకు కణేకల్ ఆర్డరు వచ్చింది. మొదట్లో అంతా సవ్యంగా జరిగింది. అవి వేసవి సెలవులు, కాలేజీ బస్సులు లేవు, మండీకి సరుకు తక్కువ. ఎస్సై ఫోన్ చేసి, "సూపర్ మేడం," అన్నాడు. కాలేజీలో మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు. ఆ అమ్మాయికి కూడా కప్పబోతే తలనొప్పి అని చెప్పి రాలేదు.

తరవాత టమోటా సీజన్ వచ్చింది, దాంతోపాటే శెనక్కాయ పీకుళ్లు వచ్చాయి. రోజూ పొద్దున బ్రిడ్జి దగ్గర బండ్లు కొద్దికొద్దిగా బిగుసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. చూసీ చూడనట్టు ఉన్నాను.

ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ ఉంది. పొద్దున ఎనిమిది దాటింది. బ్రిడ్జి కింద మా వరసలో ఒక టమోటా టెంపోకు యాక్సిల్ విరిగి అడ్డంగా కూర్చుంది. దాని వెనక బస్సు, ట్రాక్టరు, ఆటోలు. వాటి వెనక, సరిగ్గా మొదటి దిమ్మె పక్కన నేను. అవతలి వరసలో ఎదురు వచ్చే బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ వస్తున్నాయి.

వెనక ఆటో ఒకటే హారన్. "మేడం, బండి రవ్వంత ఎనక్కి తియ్యి. మొదటి దిమ్మెకు ఇవతల సందు ఉండాది. అట్లనుంచి పోతాం," అని డ్రైవరు అరుస్తున్నాడు.

"అది రాంగ్ రూటు. ఎదురుగా వస్తాండేటివి కనపడలేదా?" అన్నాను వెనక్కి తిరగకుండానే.

"అర్జెంటు మేడం!"

"అందరికీ అర్జెంటే. గమ్మున నిలబడు."

ఇంకా ఏదో క్లాసు పీకాను. నీలాంటివాళ్ల వల్లే ఈ ఊరు ఇట్లా తగలబడిందని కూడా అన్నట్టు గుర్తు. అప్పుడు ఆటోలో నుంచి ఒకాయన దిగి నా ముందుకు వచ్చాడు. కాళ్లకు పొలం మన్ను అట్లాగే ఉంది. రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, నా పెండ్లాము. శెనక్కాయ పీకేకి పోయింటే రక్తపింజరి కరిసిండాది. సచ్చిపోతాది తల్లీ."

అప్పుడు తిరిగి చూశాను. వెనక సీట్లో ఒక ఆడమనిషి ఇంకొకామె ఒళ్లో వాలిపోయి ఉంది. కాలు మోకాలిదాకా వాచి నల్లబడింది. చిగుళ్ల నుంచి రక్తం కారి గడ్డం మీదికి వస్తోంది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

స్కూటీని పక్కకు లాగాను. ఆటో సందులోకి ముక్కు పెట్టింది కానీ ఎదురు వచ్చేవాళ్లు ఆగితే కదా పోయేది. అవతలి కొసన నిలబడి చెయ్యెత్తే మనిషి కావాలి. ఆ మనిషి కణేకల్‌లో ఉన్నాడు. పంపించింది నేను. అది అక్కడే, ఆ హారన్ల మధ్యే నాకు తట్టింది.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిమ్మెల పక్కగా అవతలి కొసకు పరిగెత్తాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని. రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాను. ఒక్కరూ ఆగలేదు. "నువ్వెవరమ్మా చెప్పేకి?" అన్నాడొక మోటారుసైకిలాయన. ఇంకొకాయన "మేడానికి ఏమైందిరా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఆఖరికి వస్తున్న లారీకి ఎదురుపోయి నిలబడ్డాను. బంపరు నాకు మూరెడు దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి, "పోలీసమ్మనా?" అన్నాడు.

"అవును," అన్నాను. "బండి అడ్డం పెట్టు. ఒక్కటి గూడా రాకూడదు."

పెట్టాడు. మంచివాడు. నేను అటు తిరిగి రమ్మని రెండు చేతులూ ఊపాను. ఆటో నన్ను దాటిపోయింది. మొత్తం ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఒక్కో బండి ఎంతసేపు ఆగిందో సెకన్లలో లెక్క కట్టిన మనిషిని, ఆ రోజు గడియారం వైపు చూడనేలేదు. పావుగంట అని కొందరు, అరగంట అని కొందరు చెప్పారు.

పరీక్ష డ్యూటీకి పోలేదు. ల్యాబుకు పోయి, బీరువాలో నుంచి పిల్లలు నింపిన సర్వే కాగితాలు తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు, చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పిల్లలు తెచ్చి ఇచ్చినరోజు మొత్తాలు మాత్రం చూసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఒక్కో కాగితం చదవడం అదే మొదటిసారి. రెండో గడిలో గీతల గుంపుల పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో సన్నగా "హో.గా." అని రాసి ఉంది. కాగితం కాగితానికీ ఉంది. రాసిన పిల్లను పిలిపించాను.

"ఏమ్మా ఇది?"

"హోంగార్డు మేడం. ఆయన చెయ్యి చూపిస్తే పోయినోళ్లు. రాంగ్ రూటులో పోయినారు కదా, అందుకే పాటించనివాళ్లలో వేసినా. మీకు తెలియాలని పక్కన రాసినా."

లెక్కపెట్టాను. మా మొండోళ్లలో ముప్పాతిక మంది పక్కన ఆ రెండక్షరాలే. మిగిలినవాళ్లు ఎప్పుడూ ఉండే దుడుకువాళ్లు. నేను రంగు వేసి, పేరు పెట్టి, అంకెలు ఎక్కించిన మొండోళ్లు అసలు మొండోళ్లే కాదు. ఒక మనిషి పొమ్మంటే పోయి, ఆగమంటే ఆగినవాళ్లు.

ఆదివారం బస్సెక్కి కణేకల్ పోయాను. ఉరవకొండ దాకా ఎర్రటి బీళ్లు, వాడిన శెనక్కాయ చేలు. కాలువ దగ్గరకొచ్చాక కళ్లకు వరి పచ్చదనం తగిలింది. ఆయన చెక్‌పోస్టు దగ్గర రేకుల నీడలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. కాగితాలు చూపించి, జరిగినదంతా చెప్పాను.

"రాంగ్ రూటులో పోయినారని వీళ్లను తప్పోళ్లలో రాసినామప్పా."

ఆయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. "చెయ్యి చూపిస్తే పోవల్ల కదా మేడం. గీతకంటే, లైటుకంటే డ్యూటీలో ఉండేవాని చెయ్యి పెద్దది. అది గూడా రూలే. మాకు ట్రైనింగులో మొదటి దినమే చెప్పినారు."

ఆ రూలు నాకు తెలియక కాదు. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో రాసి ఉంటాను కూడా. ఏళ్ల తరబడి ఆయన నన్ను కుడివైపు పొమ్మని చెయ్యి చూపిస్తుంటే నేను ఎడమవైపు బిగుసుకుని నిలబడ్డాను. ఆ బ్రిడ్జి కింద రోజూ రూలు తప్పింది గీత మేడం. నన్ను మా పిల్లలు మొదటి గడిలో వేసి ఉంటారు.

"మీ ఆమె ఎట్ల ఉంది?" అని అడిగాను.

"ఉరవకొండలో వాళ్లక్క ఇంట్లో ఇడిసినా మేడం. వాళ్లూ కూలికి పోతారు. పొద్దంతా తిప్పేవాళ్లు లేక వీపు మీద పుండ్లు పడినాయి," అన్నాడు. నా మీద కోపం ఉన్నట్టు ఆ మాటలో లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆ వారంలోనే అధికారుల మీటింగు పెట్టించమని ఎస్సై దగ్గర పట్టుబట్టాను. నేను దాచిన బొమ్మను ఆ అమ్మాయి గోడ మీద వేసింది. సర్వేలో జరిగిన తప్పు చెప్పాను, పెన్సిలు అక్షరాలు చూపించాను. దిమ్మెలు తీసెయ్యాలి, మనిషిని మళ్లీ పెట్టాలి అన్నాను. పెద్దాఫీసరు శ్రద్ధగా విన్నాడు.

"ఈ రెండో బొమ్మ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"రిపోర్టు ఇయ్యకముందే తెలుసు సార్."

ఎస్సై తల దించుకున్నాడు. బయటికొచ్చాక, "తెలియక జరిగిందని చెప్పింటే పోయేది కదా మేడం," అన్నాడు బాధగా. నాకు మెమో వచ్చింది, జవాబు రాసుకున్నాను. దిమ్మెలు పది రోజుల్లో తీశారు. హోంగార్డు మళ్లీ బ్రిడ్జి కిందికి వచ్చాడు, భార్యను ఇంటికి తెచ్చుకున్నాడు. పుండ్లు మానడానికి చానా నెలలు పట్టింది.

మీటింగుకు ముందే ఒకసారి పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆమె బతికింది. బతికింది కానీ విషం మూత్రపిండాల మీద కొట్టింది. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే తప్పేదా అని డాక్టరును అడిగాను. "చెప్పలేం. తప్పేదేమో," అన్నాడు. ఆ "ఏమో"ను మోసుకుంటూ వార్డులోకి పోయాను.

ఆమె భర్త నన్ను చూడగానే లేచి వచ్చి కాళ్లకు మొక్కబోయాడు. "ఈయమ్మే. లారీకి ఎదురు పోయి దారి ఇడిపిచ్చింది ఈయమ్మే," అని పక్క మంచాల వాళ్లందరికీ చూపించాడు. తరవాత మెటికలు విరిచి, "ఆడ ఆ దిమ్మెలు ఏసినోళ్ల చేతులు ఇరిగిపోను!" అన్నాడు. వార్డులో అందరూ అవునన్నట్టు తలలూపారు. ఆమె మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

తరవాత ఆఫీసర్ల ముందు నిజం చెప్పడానికి నోరు పెగిలింది. వీళ్ల ముందు ఈనాటికీ పెగల్లేదు. అప్పటినుంచి ప్రతి ఏడూ శెనక్కాయ పీకాక ఒక సంచి పచ్చికాయలు మా ఇంటికి తెచ్చి ఇస్తారు. వద్దంటే వినరు. ఈ ఏడు వానల్లేక చేలో కాపే లేదట. అయినా పోయిన వారం ఇద్దరూ బస్సులో వచ్చారు, చిన్న సంచి. ఆమె ఇంకా ఆసుపత్రికి పోతూనే ఉంది, చేనికి పోలేదు. ఇంటి దగ్గర కూర్చుని ఒక్కో కాయా ఏరి, మన్ను దులిపి, గింజ లేని లొట్టకాయలు తీసేసి తెచ్చిందట.

"మీరు ఆ పొద్దు లేకుంటే..." అని ఆమె మొదలుపెట్టింది. నేను మాట పూర్తి కానివ్వలేదు. కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి పోయి, స్టవ్ వెలిగించకుండా చాలాసేపు నిలబడ్డాను. వాళ్లు వెళ్లాక ఆ కాయలు ఉడకబెట్టుకుని తిన్నాను.